పసుపు మూతి ఫెర్రెట్

చదివింది గేదెల వైద్యం, రిటైరైంది ఫెర్రెట్ల డాక్టరుగా. నా ఉద్యోగ జీవితాన్ని ఒక్క వాక్యంలో చెప్పమంటే ఇంతకన్నా ఏమీ లేదు. ఇక్కడ అమెరికాలో వెటర్నరీ కాలేజీల్లో చేరిన మన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "ఆంటీ, మీ కెరీర్‌లో మోస్ట్ ఛాలెంజింగ్ కేసు ఏది?" అని అడుగుతారు. ఏదో పెద్ద ఆపరేషన్ గురించి చెబుతానని వాళ్ళ ఆశ. నేను మొదలుపెట్టేది ఒక ముసలి ఫెర్రెట్ తిండి సంగతి. వాళ్ళు నిరాశపడటం ఫోన్‌లోనే తెలిసిపోతుంది. ఓ నిమిషం విని, "ఆంటీ, ఇంకో కాల్ వస్తోంది" అంటారు. అందుకని ఈసారి కాగితం మీద పెడుతున్నాను. కాగితానికి ఇంకో కాల్ రాదు.

ఫెర్రెట్‌ని చూడనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మన ముంగిసకి దూరపు చుట్టంలా ఉంటుంది. పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, దొంగ చూపు. రోజులో ముప్పాతిక భాగం నిద్ర. మేలుకున్న కాసేపూ ఇంట్లో సాక్సులూ కారు తాళాలూ పట్టుకుపోయి సోఫా కింద దాస్తుంది. అమెరికాలో దీన్ని కుక్కలాగా, పిల్లిలాగా పెంచుకుంటారు. అచ్చంగా మాంసాహారి. దాని పేగు ఎంత పొట్టిదంటే తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది, మళ్ళీ ఆకలి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, చాలు.

మా క్లినిక్ క్యారీ అనే ఊళ్ళో, ఒక గ్రోసరీ స్టోర్ పక్కన ఉండేది. కుక్కలకీ పిల్లులకీ వేరే డాక్టర్లు, మిగిలిన సమస్త ప్రాణికోటికీ నేను. ఇది నేను కోరుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన రోజు క్లినిక్ యజమాని, పెద్ద డాక్టరు, "విచిత్రమైన జంతువులకి వైద్యం చేసిన అనుభవం ఉందా?" అని అడిగాడు. "నేను పని నేర్చుకున్న ఊళ్ళో కుక్కని తీసుకొస్తేనే విచిత్రంగా చూసేవాళ్ళం" అన్నాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, కుందేళ్ళూ చిలకలూ ఫెర్రెట్లూ నాకు రాసిచ్చేశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి మంచితనం వల్ల నాకు ఫెర్రెట్లు వచ్చాయి. మొదట్లో కరిచాయి, తర్వాత అలవాటైపోయాయి.

పెద్ద డాక్టరు మంచి మనిషి. ఆయనకి పడనిది ఒక్కటే: పెంపుడు జంతువులకి పచ్చి మాంసం పెట్టడం. ఆ మాట వింటే చాలు, అక్కడ మాంసం లేకపోయినా చేతులు కడుక్కోవడానికి లేచేవాడు. పచ్చి మాంసంలో క్రిములుంటాయి, ఇంట్లో పసిపిల్లలకి అంటుకుంటాయి అని ఆయన భయం. అది ఉత్త భయం కాదు, నిజమే. మా టెక్నీషియన్‌కి మాత్రం ఇంట్లో నాలుగు ఫెర్రెట్లు. వాటికి పచ్చి మాంసమే పెట్టేది. లంచ్ రూమ్‌లో వీళ్ళిద్దరూ ఎదురుపడితే నేను నా డబ్బా పట్టుకుని కార్లో కూర్చుని తినేదాన్ని. నా పద్ధతి మధ్యేమార్గం. పచ్చి మాంసం పెట్టమని నేనుగా ఎవరికీ చెప్పలేదు. పెడతామని వచ్చినవాళ్ళకి ఎలా పెట్టాలో మాత్రం చెప్పాను.

అలా వచ్చిందే ఆ అమ్మాయి. మన తెలుగు పిల్ల, ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని. పక్కింటివాళ్ళు పెంపుడు జంతువుల్ని ఒప్పుకోని అపార్ట్‌మెంటుకి మారిపోతూ తమ రెండు ఫెర్రెట్లనీ వీళ్ళకి అప్పగించారు. ఒకటి చిన్నది, చలాకీది. రెండోది ముసలిది. దాని క్లోమంలో చిన్న గడ్డ ఉందని నేనే కనిపెట్టి చెప్పాను. ఆ జబ్బుతో రక్తంలో చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది. మందుతో నెట్టుకురావచ్చు, నయం కాదు. ఆ అమ్మాయి ఇంటర్నెట్ అంతా గాలించి, కిబుల్ అనే గింజల మేత మానిపించి మాంసం పెడితే మేలని చదివింది. "ఆంటీ, ఈ కిబుల్ నిండా కార్బ్సే. ఈ వీకెండే రా మీట్‌కి మార్చేస్తాను" అంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, అదీ వరస.

"మాంసం మంచిదే. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెడితే దీని జబ్బుకి ఇంకా మంచిది. కానీ వీకెండ్‌లో అయ్యే పని కాదమ్మాయ్" అన్నాను. ఫెర్రెట్ పసితనంలో ఏ వాసన తిని పెరిగిందో అదే తిండి అనుకుంటుంది. గింజలు తిని పెరిగినదానికి కోడిమాంసం ముందు పెడితే అది తిండి అని తెలియనే తెలియదు. చెప్పినట్టే అయింది. వాళ్ళ ముసలిది కోడిముక్కని తొక్కుకుంటూ వెళ్ళి పాత గిన్నె దగ్గర కూర్చుందట. అప్పుడు దారికొచ్చింది ఆ అమ్మాయి. మాంసాన్ని ఎముకతో సహా పచ్చిగానే మెత్తగా రుబ్బి, జావలా పలచన చేసి, గింజల పొడి మీద చిలకరించి, రోజురోజుకీ జావ పెంచుతూ గింజలు తగ్గిస్తూ పోవాలి. చిన్నది తొందరగానే మరిగింది. ముసలిది నెల దాటినా మొహం తిప్పుకునేది.

దాన్ని దారికి తెచ్చింది ఆ అమ్మాయి కాదు, వాళ్ళ అత్తగారు. కొడుకు పని మీద వారమంతా వేరే ఊళ్ళో ఉండేవాడు. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే. ఆవిడ తిరుమలలో మొక్కుకుని చాలా ఏళ్ళ కిందటే నీచు మానేసింది. అయినా ముసలి ఫెర్రెట్ పడుకునేది ఆవిడ శాలువాలోనే. టీవీ సీరియల్ వచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి చూసేవాళ్ళు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చెయ్యి బారెడు దూరం చాపి, పొడుగాటి గరిటెతో జావ చుక్క దాని మూతికి రాసేదట. అది నాక్కునేది. ఎవరు పెట్టినా తిననిది ఆవిడ గరిటె చూస్తే వచ్చేది.

ఒకరోజు కోడలు దాన్ని పరీక్షకి తీసుకొచ్చింది. మా టెక్నీషియన్ లోపలికి తీసుకెళ్ళి చూసి పరుగెత్తుకొచ్చింది. మూతి పసుపు, పెదవులు పసుపు, ముందుకాళ్ళు పసుపు. కామెర్లు, లివర్ పోయింది, రక్తపరీక్షకి రెడీ చేస్తాను అంటోంది. పెద్ద డాక్టరు కూడా వచ్చి, పచ్చి మాంసం మహిమ అన్నట్టు నా వైపు చూశాడు. నేను బొటనవేలితో దాని గడ్డం మీద రుద్ది వాసన చూశాను. తర్వాత కోడలి వైపు చూశాను.

"మాంసం ఎలా కడుగుతున్నారమ్మా?"

ఆ అమ్మాయి నాలిక కరుచుకుంది. "అత్తయ్య ఊరుకోవట్లేదాంటీ. పసుపూ ఉప్పూ వెయ్యకుండా కడిగిన మాంసం ఇంట్లో ఎవరికైనా పెడతామా అని, పైనించి తనే చల్లుతున్నారు."

ఆ పూట క్లినిక్ అంతా నవ్వులే. మా టెక్నీషియన్ పసుపు గురించి వారం రోజులు ప్రశ్నలడిగింది. ఉప్పూ పసుపూ మానిపించి పంపించాను. నేనుండబట్టి కనిపెట్టాను, ఇంకెవరైనా అయితే ఆ జంతువుని నాలుగుచోట్ల పొడిచి రక్తం తీసేవాళ్ళు అని కాస్త గర్వపడ్డాను కూడా. ఆ గర్వం ఎంతోకాలం నిలవలేదు.

మాంసం పూర్తిగా మరిగాక ముసలిది తేరుకుంది. బరువు పెరిగింది, బొచ్చు నిగనిగలాడింది, సాక్సుల దొంగతనం మళ్ళీ మొదలైంది. పాత గింజలు పెడితే ఇప్పుడు వాసన కూడా చూడటం లేదని కోడలు సంబరంగా చెప్పింది. నేనూ సంబరపడ్డాను. అంతా బాగుందనుకుంటుండగా ఒక ఆదివారం ఫోన్. నిన్న వెనక కాళ్ళు తూలాయి, నోట్లోంచి చొంగ కారింది, ఇవాళ మామూలుగానే ఉంది అని. మందు మోతాదు కొంచెం మార్చాను. రెండు వారాలకి మళ్ళీ అదే ఫోన్. మళ్ళీ మార్చాను. పెద్ద డాక్టరుకి తెలిసి, "నేను ముందే చెప్పాను, ఆ మాంసం ఆపించు" అన్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టుందని నాకు అనిపించింది గానీ, కాదని వాదించడానికి నా దగ్గర మాత్రం ఏముంది?

తర్వాత వచ్చిన శనివారం మధ్యాహ్నం, క్లినిక్ మూసే వేళకి, కోడలు దాన్ని దుప్పట్లో చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వెనకాలే అత్తగారు, మొదటిసారి మా క్లినిక్‌కి రావడం. ఫెర్రెట్ గుడ్డపీలికలా వేలాడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. రక్తంలో చక్కెర చూస్తే, ఆ అంకెతో ఇంకా ఊపిరి తీస్తున్నందుకు ఆశ్చర్యపోవాలి. మా టెక్నీషియన్ దాని చిగుళ్ళకి తేనె రాస్తుంటే నేను నరం దొరకబుచ్చుకుని గ్లూకోజు ఎక్కించాను. ఆ సన్నటి కాలులో నరం దొరకడం ఆ రోజు నా అదృష్టం. కాసేపటికి తోక కదిలింది. తల ఎత్తింది.

అయితే అది గండం గడిచినట్టు కాదు. ఈ జబ్బులో చక్కెర ఇస్తే లేస్తుంది, ఆ వెంటనే మాంసం లాంటిదేదైనా కడుపులో పడకపోతే ముందుకన్నా కిందికి పడిపోతుంది. పడితే ఈసారి లేవకపోవచ్చు. తినిపించాలి, తొందరగా తినిపించాలి. క్లినిక్‌లో ఉన్న డబ్బా మెత్తటి ఆహారం మూతికి రాస్తే ఉమ్మేసింది. సిరంజితో నోట్లో పోయబోతే మా టెక్నీషియన్ వేలు కొరికింది.

కోడలు గోడకి ఆనుకుని ఏడుస్తోంది. "నేనే చంపేశానాంటీ. హాయిగా కిబుల్ తింటున్నదాన్ని నేనే పాడు చేశాను." పెద్ద డాక్టరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. 

"వాట్ డిడ్ షీ ఈట్ టుడే?" అనడిగాను, ఆయనకీ అర్థం కావాలని ఇంగ్లీషులో.

"సేమ్ డైట్, డాక్టర్. నథింగ్ చేంజ్డ్" అంది కోడలు, అంతే ఇంగ్లీషులో.

మూల కుర్చీలో అత్తగారు కూర్చుని ఉంది. తడి జుట్టు ముడేసుకుని, కొనకి ఒక పువ్వు పెట్టుకుంది. నుదుట పెద్ద బొట్టు. తలస్నానం చేసి పూజ చేసుకున్న మొహం. ఆ తడి జుట్టు చూశాక నాకు నా లంచ్ డబ్బా గుర్తొచ్చింది. ఆ పూట నేను తిన్నదీ పెరుగన్నమే. మా ఇంట్లోనూ శనివారం నీచు ముట్టం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ముట్టలేదు.

నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. "అమ్మగారూ, ఇవాళ మీ ఇంట్లో వంటేంటండీ?"

"శనివారం కదమ్మా, ఏముంటది? పప్పూ, పెరుగన్నం. నాకైతే ఒక్కపొద్దే."

"మరి దానికి?"

"దానికీ పెరుగన్నమేనమ్మా. శనివారం నాడు నీచు గుమ్మంలోకి రానియ్యం గదా. కాస్త నాకింది, వదిలేసింది. మనింట్లో బిడ్డే గదా అదీ. నోరులేని జీవి, మన పుణ్యాన వారానికో ఒక్కపొద్దుంటే వచ్చే జన్మలోనన్నా మనిషై పుడతది."

కోడలు ఏడుపు ఆపేసింది. "అత్తయ్యా! నేను కిబుల్ గిన్నె పెట్టి పైకెళ్ళాను కదా!"

"పెడితే? అది ముట్టట్లేదని నువ్వే గదే చెప్పావ్."

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు. శనివారం నీచు లేకపోవడం మనకి మార్పు కాదు, అలవాటు. సేమ్ డైట్ అంటే ఆ పిల్ల ఉద్దేశంలో శనివారాలు కూడా అందులోవే. ఎవరైనా నన్నడిగినా నేనూ అదే చెప్పేదాన్ని. ఆదివారం ఆదివారం వచ్చిన ఫోన్లన్నీ శనివారం జబ్బువేనని అప్పుడు వెలిగింది నాకు. పసుపు కనిపెట్టిన ఘనురాలిని!

అత్తగారు మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసింది. "ఏంటమ్మా? నేను పస్తుపెట్టానా దాన్ని?"

ఇలాంటి చోట ఏం చెప్పాలో ఏ కాలేజీలోనూ నేర్పరు. అబద్ధం చెబితే వచ్చే శనివారం ఆ జంతువు బతకదు. నిజం చెబితే ఈవిడ ఎలా తట్టుకుంటుందో తెలియదు. పైగా కోడలు పక్కనే ఉంది. "మీరు ప్రేమగానే పెట్టారండీ" అన్నాను. "దాని పేగు చాలా పొట్టిది, తిన్నది నాలుగు గంటలు కూడా ఆగదు. మనకి ఒక పూట తినకపోతే ఒక్కపొద్దు. దానికి రెండు మూడు రోజుల పస్తు. పైగా ఒంట్లో ఆ జబ్బు ఒకటి. అది మీకు తెలిసే దారి లేదు. చెప్పాల్సిందాన్ని నేను, నేనూ శనివారాలు చేసుకునేదాన్నే, నాకే తట్టలేదు."

ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూసుకుంటూ ఉండిపోయింది. అంతసేపూ తెలుగు వింటున్న పెద్ద డాక్టరుకి నేను రెండు ముక్కల్లో సంగతి చెప్పాను.  "అంటే, జబ్బు పచ్చి మాంసం పెట్టినందువల్ల కాదు, పెట్టనందువల్లా?" అన్నాడు.

"అంతే."

"ఇప్పుడు దీనికి కావలసింది?"

"పచ్చి మాంసం."

ఆయన ఇంకో మాట లేకుండా బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తున్నాను, తెల్లకోటు విప్పకుండానే పార్కింగ్ లాట్ దాటి గ్రోసరీలోకి నడిచాడు. తిరిగొచ్చేటప్పుడు రుబ్బిన కోడిమాంసం ప్యాకెట్‌ని, చచ్చిన ఎలుకని తోకపట్టి తెచ్చినట్టు రెండు వేళ్ళతో దూరంగా పట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత చేతులు కడుక్కున్నాడు, అది వేరే సంగతి.

మా టెక్నీషియన్ పెట్టబోయింది. ఫెర్రెట్ తల తిప్పేసింది. కోడలు పెట్టబోయింది, అదీ వద్దంది. ఇంకోసారి చక్కెర చూశాను. దిగడం మొదలైంది. ఆ అంకె ఎవరికీ చెప్పలేదు గానీ నా మొహమే చెప్పేసి ఉంటుంది.

అత్తగారు లేచింది. గాజులు వెనక్కి తోసుకుంది. గరిటె కోసం చూస్తుందేమో అనుకున్నాను, చూడలేదు. ప్యాకెట్లోకి చెయ్యి పెట్టి గోరంత మాంసం వేళ్ళ మధ్య మెదిపి దాని మూతి దగ్గర పెట్టింది. "నాన్నా, ఇదిగో, నేనేరా. తిను." అది ఆవిడ వేలు వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నాలిక చాపి నాకింది. మళ్ళీ నాకింది. మూడోసారి ఆవిడ వేలితో సహా నోట్లో పెట్టుకుంది.

"అత్తయ్యా, శనివారం..." అంది కోడలు, ఆవిడ మొక్కు తెలిసినది కాబట్టి.

"ఊరుకోవే, తింటోంది!" అంది ఆవిడ, తల తిప్పకుండా. కళ్ళలోంచి నీళ్ళు కారి బల్ల మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేనూ మా టెక్నీషియనూ కూడా ఏడ్చామని చెప్పడానికి నాకేం సిగ్గులేదు. తిండి అయిపోయాక పెద్ద డాక్టరు తనే కుళాయి తిప్పి, సబ్బు అందించి, వేళ్ళ సందుల్లో ఎలా రుద్దాలో ఆవిడకి చేసి చూపించాడు. ఇద్దరికీ ఒక్క భాష కూడా ఉమ్మడిగా లేదు. చేతులు కడుక్కునే విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మతం.

పిల్లలూ, మీకు చెప్పదలుచుకున్నది ఒకటే. "ఏం పెడుతున్నారు" అని అడిగితే మనవాళ్ళు డాక్టరుకి నచ్చే జవాబు చెబుతారు. "ఇవాళ మీ ఇంట్లో వంటేంటి" అని అడగండి, అన్నీ బయటికొస్తాయి. పెద్ద డాక్టరు కూడా ఈ పాఠం నేర్చుకున్నాడు, కాస్త ఎక్కువే నేర్చుకున్నాడు. ఆ తర్వాత మన దేశం వాళ్ళెవరొచ్చినా ముందుగా శనివారాల గురించి అడిగేవాడు. ఒక పంజాబీ పెద్దమనిషి తన కుక్కకి శనివారంతో సంబంధమేమిటో అర్థంగాక నా వైపు దీనంగా చూశాడు. పచ్చి మాంసం మీద ఆయన అభిప్రాయం మాత్రం రిటైరయ్యేదాకా మారలేదు. నేను మార్చబోలేదు కూడా. ఆ ముసలి ఫెర్రెట్ ఇంకో చలికాలం, ఇంకో ఎండాకాలం హాయిగా బతికి, ఒక మధ్యాహ్నం ఆవిడ శాలువాలోనే నిద్రలో పోయింది. ఆ జబ్బుకి అది మంచి ఆయుష్షే.

ఆ శనివారం తర్వాత నెలకేమో మళ్ళీ పరీక్షకి తెచ్చారు. ఈసారి సంచీ ఎత్తుకొచ్చింది అత్తగారే. చక్కెర బాగుంది, బరువు బాగుంది. ఆవిడ మాత్రం ముక్కు చీదుతోంది.

"శనివారాలెలా గడుస్తున్నాయండీ?" అనడిగాను.

"ఏం చెప్పమంటావమ్మా! మొదట్లో దీనికి పెట్టినప్పుడల్లా తలస్నానం చేశాను. జలుబు పట్టుకుంది. ఇప్పుడిక చేతులు కడుక్కుని ఊరుకుంటున్నాను. పొద్దున్నే ముందు దీని కడుపు నింపి, ఆనక నా స్నానం, ఆనక దీపం."

"మొక్కున్న మనిషి, దేవుడి కన్నా ముందు దీనికి నైవేద్యమా?" అని వేళాకోళం చేశాను.

ఆవిడ సంచీ జిప్పు కొంచెం తీసి, లోపల నిద్రపోతున్నదాని మీద శాలువా సర్దింది.

"ఆయన ఆగుతాడమ్మా," అంది. "ఇది ఆగదు."